వేసవి దుక్కులు దున్నితే నేలలో కర్బనం పోతుందా?

చల్కచేను (నాగర్‌కర్నూల్)

అందరికీ నమస్కారం. నాకు ఆరెకరాల ఎర్ర చల్క ఉంది. పత్తి వేస్తాను, మధ్యలో కంది సాళ్లు. బోరు ఉంది కానీ ఎకరం పారితే గొప్ప.

ఏటా ఏప్రిల్ వచ్చేసరికి పేపర్లలో, రేడియోలో ఒకటే మాట: వేసవి లోతు దుక్కులు దున్నండి, పురుగుల కోశస్థ దశలు ఎండకు చస్తాయి, తొలకరి వాన నేలలోకి ఇంకుతుంది అని. మా నాన్న హయాం నుంచీ ఆ ప్రకారమే చేస్తున్నాం. ఇప్పుడు ఒక కంపెనీ తరఫు మనిషి ఊరికి వచ్చి సరిగ్గా దానికి ఎదురు చెబుతున్నాడు. దున్నడం మానేస్తే నేలలో కర్బనం నిలుస్తుందట, ఆ కర్బనానికి క్రెడిట్లు అని డబ్బు వస్తుందట, పదేళ్లకు సంతకం పెట్టాలట. మా ఊళ్లో నలుగురు ఇప్పటికే పెట్టేశారు.

నా భూసార పరీక్ష కార్డులో సేంద్రియ కర్బనం 0.38 శాతం, ‘తక్కువ’ అని రాసి ఉంది. దున్నితే అది ఎలా పోతుంది? దున్నకపోతే ఎంత పెరుగుతుంది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. సంతకం గడువు నెలాఖరు.

తెనాలి మాగాణి

మేము దున్నకుండానే మొక్కజొన్న వేస్తున్నాం, ఎప్పటి నుంచో. దీనికీ వాతావరణానికీ ఏ సంబంధమూ లేదు. మా తాతలు వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చేలో మినుము చల్లేవారు. తర్వాత పల్లాకు తెగులు, బంగారు తీగ కలిసి మినుమును ముంచేశాయి. వరి కోసిన మాగాణిలో దుక్కి చేసి మొక్కజొన్న వేద్దామంటే నేల పదునుకు వచ్చేదాకా ఆగాలి. ఆగితే అదను దాటిపోతుంది, దున్నితే పెద్ద పెద్ద బెడ్డలు లేస్తాయి. అందుకని కొయ్యకాళ్లు అలాగే ఉంచి, తాడు పట్టి, కర్రతో గుంతలు పొడిచి గింజ వేయడం మొదలుపెట్టారు. ముందు ఒకరు గుంత పొడుస్తూ పోతే వెనక ఇంకొకరు గింజ జారవిడిచి కాలితో నొక్కుకుంటూ వస్తారు. తేమ ఉన్న మట్టి కాబట్టి గింజ వెంటనే పట్టుకుంటుంది. నీళ్లు కలిసొస్తాయి, ట్రాక్టరు ఖర్చు లేదు, పదిహేను రోజులు ముందుకు జరుగుతాం.

కర్బనం సంగతి అంటారా, నా కార్డులో అంకె పెద్దగా కదల్లేదు. ఎందుకంటే తర్వాతి వానాకాలం వరికి ట్రాక్టరుకు కేజ్ వీల్స్ (ఇనుప చక్రాలు) వేసి దింపి దమ్ము చేస్తాం కదా. ఆరు నెలలు దున్నకుండా ఉంచి, తర్వాత పొలమంతా బురద చేసి కలిపేస్తే దున్నని సేద్యం అనిపించుకుంటుందా? కంపెనీ వాళ్లను అడగండి.

మృత్తిక

నేల రసాయన శాస్త్రం చెప్పి రిటైర్ అయిన మనిషిని. దున్నితే కర్బనం ఎలా పోతుందో మాత్రం ఓపిగ్గా చెబుతాను, మిగతాది చేను చూసినవాళ్లు చెప్పాలి.

చేలో ఒక పిడికెడు మట్టి తీసి నీళ్ల గ్లాసులో మెల్లగా వేసి చూడండి. గట్టు పక్కన, చెట్టు కింద ఎన్నడూ నాగలి తగలని చోటి మట్టి ఉండలు ఉండలుగా నిలబడుతుంది. ఏటా రోటవేటరు తిరిగే చోటి మట్టి నిమిషాల్లో కరిగి అడుగుకు చేరుతుంది. ఆ ఉండలను అతికించి ఉంచేది సన్న వేళ్లు, బూజు పోగులు, సూక్ష్మజీవుల జిగురు. ఆ ఉండల లోపల చిక్కుకున్న ఆకు తునకలు, వేరు ముక్కలు సూక్ష్మజీవులకు సులభంగా దొరకవు. గాలి తక్కువ, దారి ఇరుకు. దుక్కి ఆ ఉండలను పగలగొడుతుంది, గాలి ఆడేలా చేస్తుంది, పైనున్న చెత్తను తేమ ఉన్న చోటికి దింపుతుంది. సూక్ష్మజీవులు దాన్ని తిని, ఎక్కువ భాగం బొగ్గుపులుసు వాయువుగా (కార్బన్ డయాక్సైడ్) బయటికి వదిలేస్తాయి.

అమెరికాలోని మిన్నెసోటాలో రికోస్కీ, లిండ్‌స్ట్రామ్ అనే శాస్త్రవేత్తలు దున్నిన వెంటనే నేల మీద పెట్టె బోర్లించి ఆ వాయువును కొలిచారు. ఆ వివరాలు 1993లో అచ్చయ్యాయి. రెక్క నాగలితో లోతుగా దున్నిన చోట 19 రోజుల్లో బయటికి వచ్చిన కర్బనం, అంతకు ముందటి గోధుమ పంట వదిలిన మోళ్లలోని మొత్తం కర్బనం కంటే ఎక్కువ తేలింది. దున్నని సేద్యానికి ప్రచారం చేసేవాళ్లందరూ ఈ లెక్కే చూపిస్తారు.

అయితే అది దున్నిన కొత్తలో వచ్చే పొంగు. ఏడాది పొడుగునా అదే వేగంతో పోదు. మన దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది. ఎండిన నేల మీద తొలకరి వాన పడగానే, దున్నినా దున్నకపోయినా, సూక్ష్మజీవులు ఒక్కసారిగా లేచి పని చేస్తాయి. బిర్చ్ అనే శాస్త్రవేత్త 1950ల్లోనే దీన్ని గమనించి రాశాడు. మే నెలలో 42 డిగ్రీలు మాడి జూన్‌లో తడిసే నేలలో నష్టమంతా నాగలి ఖాతాలో వేయడం కుదరదు.

నల్లరేగడి (సదాశివపేట)

ఎర్ర నేలల వాళ్ల గొడవ నాకు తెలియదు కానీ, మా నల్లరేగడి తనను తానే దున్నుకుంటుంది. వేసవిలో చేయి దూరేంత నెర్రెలు విచ్చుతాయి, పై మట్టి, ఎండుటాకు అంతా అందులోకి రాలుతుంది, వాన పడగానే మూసుకుంటుంది. దాన్ని దున్నని నేల అని ఎవరైనా అంటే నవ్వొస్తుంది.

మాకు దగ్గర్లోని పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఉంది, అక్కడ 1976 నుంచి పక్కపక్కన రెండు రకాల సేద్యం చేసి చూస్తున్నారు. ఒక వైపు పాత పద్ధతి: వానాకాలమంతా చేను ఖాళీ, గుంటక తోలుతూ ఉండటం, యాసంగిలో జొన్నో శనగో వేయడం. రెండో వైపు వెడల్పాటి బోదెలు, మధ్యలో నీరు పోయే కాలువలు, వానాకాలంలోనే కంది కలిపిన పంటలు, తగిన ఎరువు. మెరుగైన వైపు హెక్టారుకు 5 టన్నుల చుట్టూ గింజ వస్తే, పాత వైపు ఒక టన్ను చుట్టూ వచ్చింది. 24 ఏళ్ల తర్వాత మట్టి తవ్వి చూస్తే మెరుగైన వైపు నేలలో హెక్టారుకు 7 టన్నులకు పైగా కర్బనం ఎక్కువ ఉంది.

ఇందులో గమనించవలసిన సంగతి: మెరుగైన వైపు దున్నడం మానలేదు. బోదెలు ఎద్దుల పనిముట్లతో ఏటా సరి చేశారు. పంట పెరిగింది, వేరు పెరిగింది, కంది ఆకు రాలింది. కర్బనం అక్కడి నుంచి వచ్చింది. అందుకే ఎవరైనా ‘దున్నకు, కర్బనం అదే వస్తుంది’ అంటే నేను అడిగే ప్రశ్న ఒకటే. ఎక్కడి నుంచి వస్తుంది? గాల్లోంచి నేలలోకి దిగాలంటే మొక్క దారిలోనే దిగాలి కదా.

కొలంబస్ తెలుగు (ఒహాయో)

ఇక్కడ మట్టి మీదే పరిశోధన చేస్తున్నాను. నల్లరేగడి గారి ప్రశ్న చుట్టూ శాస్త్రవేత్తలు ఇరవై ఏళ్లుగా కొట్టుకుంటున్నారు. క్లుప్తంగా చెబుతాను, మరీ క్లుప్తంగా కుదరదు.

2002లో వెస్ట్, పోస్ట్ అనే ఇద్దరు ప్రపంచంలోని 67 దీర్ఘకాలిక ప్రయోగాలను కలిపి చూసి, దుక్కి నుంచి దున్నని సేద్యానికి మారితే హెక్టారుకు ఏటా సగటున 0.57 టన్నుల కర్బనం చేరుతుందన్నారు. పదిహేను ఇరవై ఏళ్లలో అది ఒక చోట ఆగిపోతుందనీ అన్నారు. కార్బన్ క్రెడిట్ల వ్యాపారం నడుస్తున్నది ఇలాంటి అంకెల మీదే.

2007లో బేకర్, ఆయన సహచరులు ఒక చిన్న ప్రశ్న వేశారు: ఎంత లోతు నుంచి మట్టి తీశారు? చూస్తే దాదాపు అన్ని ప్రయోగాల్లో 30 సెంటీమీటర్లు, లేదా ఇంకా తక్కువ. 2010లో లువో బృందం జంట ప్రయోగాలు 69 తీసుకుని లోతు వారీగా లెక్క వేసింది. దున్నని చేలలో పై 10 సెంటీమీటర్లలో హెక్టారుకు సుమారు 3.15 టన్నుల కర్బనం ఎక్కువ. 20 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య సుమారు 3.30 టన్నులు తక్కువ. కూడి తీసేస్తే మిగిలింది ఏమీ లేదు. 2014లో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ శాస్త్రవేత్త పౌల్సన్, మరికొందరు కలిసి, దున్నని సేద్యం వల్ల నేలకు లాభాలున్నాయి కానీ భూతాపాన్ని తగ్గించే విషయంలో దాన్ని మితిమీరి పొగుడుతున్నారని రాశారు.

ఇంకో విచిత్రం. జర్మనీలో 1960, 70 దశకాల్లో కొన్ని పొలాలను ఒక్కసారి మాత్రం అర మీటరుకు మించిన లోతుకు తిరగేసి దున్నారు. సుమారు 45 ఏళ్ల తర్వాత తవ్వి చూస్తే, ఆ పొలాల్లో కర్బనం పక్క పొలాల కంటే సగటున 42 శాతం ఎక్కువ. పై మట్టి లోతుకు పోయి అక్కడ నెమ్మదిగా కుళ్లింది, కిందినుంచి పైకి వచ్చిన బక్క మట్టి కొత్త కర్బనాన్ని పట్టుకుంది. దీన్ని చదివి చల్కలో ఎవరూ జేసీబీ దించకండి, పైకి వచ్చేది మొరం.

చల్కచేను

అన్నా, చాలా థాంక్స్. అయితే పై పది సెంటీమీటర్లలో పెరిగి కింద తగ్గితే నాకు నష్టమా, లాభమా? నా విత్తనం పైనే కదా ఉండేది.

మృత్తిక

మంచి ప్రశ్న. కదపని గిన్నెలో మీగడ పైకి తేలుతుంది, గరిటెతో తిప్పితే పాలంతా కలిసిపోతుంది. గిన్నెలో ఉన్న వెన్న మాత్రం అంతే. కంపెనీ వాళ్లు కొనేది గిన్నెలోని మొత్తం వెన్న. రైతుకు ఉపయోగపడేది చాలావరకు పైనున్న మీగడ. ఈ రెండూ వేరు లెక్కలు, అందుకే ఇక్కడ అందరూ ఒకరినొకరు కాదంటున్నట్టు కనిపిస్తోంది.

పైపొరలో సేంద్రియ పదార్థం ఉంటే వాన చినుకు దెబ్బకు మట్టి చితికి అట్టకట్టదు. ఎర్ర నేలల్లో మొలక బయటికి రాలేక లోపలే వంకరపోయేది ఆ అట్ట వల్లే. నీరు ఇంకుతుంది, మట్టి కొట్టుకుపోదు. క్రెడిట్ ఒక్కటి రాకపోయినా ఇది విలువైనదే.

ఇప్పుడు మీ 0.38 ఎంతో చూద్దాం. శాతాన్ని మట్టి సాంద్రతతోనూ, సెంటీమీటర్లలో లోతుతోనూ గుణిస్తే హెక్టారుకు టన్నులు వస్తాయి. ఎర్ర చల్కకు సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.5 గ్రాములు అనుకుందాం, లోతు 15. అంటే 8.5 టన్నుల పైచిలుకు. ఎకరానికి మూడున్నర టన్నులు. అది మీ దగ్గర ఇప్పుడున్న నిల్వ.

ఇక్కడే మోసపోయే చోటు ఒకటి ఉంది. దున్నని నేల గట్టిపడుతుంది, సాంద్రత పెరుగుతుంది. అదే 0.4 శాతం ఉన్నా, సాంద్రత 1.3 అయితే 7.8 టన్నులు, 1.6 అయితే 9.6 టన్నులు. కర్బనం ఒక్క గ్రాము పెరగకుండానే కాగితం మీద దాదాపు రెండు టన్నులు పెరిగిపోతుంది. గట్టిపడిన నేలలో 15 సెంటీమీటర్లు దిగితే ఎక్కువ మట్టి వస్తుంది, అంతే. సమాన లోతు కాదు, సమాన బరువు మట్టిని పోల్చాలి. సాంద్రత కొలవకుండా క్రెడిట్లు లెక్కగట్టే వాళ్లను ఇంటికి పంపేయండి.

నవధాన్య (అనంతపురం)

ఇంత చదువు చదివి మళ్లీ మొక్క దగ్గరికే వచ్చారు, సంతోషం. మేము ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాం. వానలకు ముందే పొడి నేలలో నవధాన్యాలు వేస్తాం, జనుము, పిల్లిపెసర, అలసంద, సజ్జ లాంటివి పదిపదిహేను రకాలు కలిపి. ఏడాదిలో వీలైనన్ని రోజులు నేల మీద పచ్చదనం, నేల లోపల బతికున్న వేరు ఉండాలన్నదే మా పద్ధతి. దున్నడం తగ్గించాం, పూర్తిగా మానలేదు. గింజ వేయడానికి గొర్రు తోలాల్సిందే.

మా ఊళ్లో దీనికి అడ్డు వచ్చేవి రెండు. చెదలు, పశువులు. ఆచ్ఛాదనగా వేరుశనగ కట్టె పరిస్తే మూడు వారాల్లో చెదలు నాకేస్తాయి. పంట తీశాక ఊరి గొర్రెలన్నీ మా చేలో దిగుతాయి. ఎవరి చేనైనా అంతే, వద్దని ఎవరినీ అనలేం. గొర్రెల మంద రాత్రి ఆపితే పెంట వస్తుంది కాబట్టి దాన్ని నష్టం అని కూడా అనను.

కొలంబస్ తెలుగు

నవధాన్య గారూ, ఆ పద్ధతిలో పాతికేళ్లు కొలిచిన అంకెలు ఎక్కడైనా ఉన్నాయా? తప్పు పట్టడం కాదు, పటాన్‌చెరు లాంటి లెక్క మీ దగ్గర కూడా ఉంటే బలంగా ఉంటుంది.

నవధాన్య

పాతికేళ్లు ఎక్కడివి బాబూ, రాష్ట్రంలో ఆ కార్యక్రమం మొదలైందే 2016లో. నా చేలో వానపాములు, తేమ చూసుకుంటాను. అంకెలు మీరు తేండి.

హయత్‌నగర్ పాతకాపు

ఎర్ర నేల అన్నారు కాబట్టి ఒక మాట. హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడాకు హయత్‌నగర్‌లో ప్రయోగ క్షేత్రం ఉంది. అక్కడ 1995లో ఎర్ర నేలలో జొన్న, ఆముదం మార్చి మార్చి వేస్తూ దుక్కి ప్రయోగం మొదలుపెట్టారు. ఒక వైపు మామూలు దుక్కి, ఇంకో వైపు కనీస దుక్కి. రెండింటిలోనూ కొన్ని మళ్లలో జొన్న చొప్ప, కొన్నింటిలో గ్లిరిసిడియా (పచ్చిరొట్ట ఇచ్చే చెట్టు) రెమ్మలు, కొన్నింటిలో ఏమీ లేదు.

ఎనిమిదేళ్ల దిగుబడి చూస్తే మామూలు దుక్కిదే పైచేయి. ఉత్తర భారతంలో దున్నకుండా గోధుమ వేసి నెగ్గిన కథ ఇక్కడ సాగలేదు. కారణం చేలో నిలబడితే కళ్లకే కనిపిస్తుంది. దున్నకపోతే ఈ నేల ఎండకు బండలా బిగుస్తుంది, వాన నీరు పైనే జారిపోతుంది, గరిక, తుంగ పట్టేస్తాయి. వేరు దిగదు. వేరు దిగకపోతే కర్బనమూ దిగదు. అదే ప్రయోగంలో గ్లిరిసిడియా రెమ్మలు వేసిన మళ్లు మాత్రం నేల నాణ్యతలో ముందుకు వచ్చాయి.

కాబట్టి చల్కచేను తమ్ముడూ, గట్టు మీద గ్లిరిసిడియా నాటు. కొమ్మ విరిచి గుచ్చితే బతుకుతుంది. మూడో ఏటి నుంచి కొట్టుకోవచ్చు.

తెనాలి మాగాణి

గరిక, తుంగ అన్నారు కాబట్టి అసలు విషయం చెప్పాలి. దున్నని సేద్యంలో నాగలి చేసే పని మందు డబ్బా చేస్తుంది. మేము గింజ వేసే ముందు వరి పిలకలు మళ్లీ లేవకుండా పారాక్వాట్ కొడతాం, తర్వాత అట్రజిన్. మందు లేకుండా మా పద్ధతి నడవదు. ఇది ఎవరూ కరపత్రాల్లో రాయరు.

నవధాన్య

పారాక్వాట్ కడుపులోకి పోతే విరుగుడు లేదు. ఆ డబ్బా ఇంట్లో ఉండటమే ప్రమాదం. కర్బనం కోసం దాన్ని చేలో పోయమంటారా?

తెనాలి మాగాణి

అమ్మా, నేను పోయమనలేదు. పోస్తున్నాం అని చెప్పాను. కర్బనం కోసం కాదు, అదను కోసం. మీరు కూలీలను పంపండి, పిలకలు పీకిస్తాను.

నిర్వాహకుడు

ఇద్దరికీ మనవి. కలుపు మందుల మీద వేరే చర్చ ఉంది, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ దుక్కి, కర్బనం.

మెతుకు

దమ్ము గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. దుక్కుల్లోకెల్లా మట్టిని ఎక్కువ చిదిమేది దమ్మే కదా, మరి వరి మళ్లలో కర్బనం ఎక్కువ ఎందుకు?

మృత్తిక

నిలిచిన నీటి కింద ఆక్సిజన్ ఉండదు, కుళ్లడం నెమ్మదిస్తుంది. మట్టి ఉండలు పగిలినా తినేవాళ్లకు గాలి లేదు. అందుకే మాగాణి నేలలు మెట్ట నేలల కంటే కర్బనం బాగా నిలుపుతాయి. బదులుగా మీథేన్ బయటికి వస్తుంది, అది బొగ్గుపులుసు వాయువు కంటే ఎన్నో రెట్లు వేడి పట్టే వాయువు. మెతుకు గారూ, నేలలో కర్బనం ఎక్కువ ఉన్నంత మాత్రాన వాతావరణానికి మేలు అని చెప్పలేకపోవడానికి వరి మడే మంచి ఉదాహరణ.

చల్కచేను

ఇక అసలు సంగతికి వస్తాను. నిన్న ఆ కంపెనీ మనిషితో ఫోనులో మాట్లాడాను. ‘ఎన్ని క్రెడిట్లు వస్తాయి’ అంటే ‘ఉపగ్రహం చూసి చెబుతుంది’ అన్నాడు. ‘మట్టి తీస్తారా’ అంటే కొన్ని చేలలో తీస్తారట, నా చేలో తీస్తారో లేదో చెప్పలేడట. మధ్యలో ఒక ఏడు దున్నితే ఏమవుతుంది అంటే కాగితంలో ఉంది చూసుకోమన్నాడు. కాగితం ఇంగ్లీషులో ఉంది.

కొలంబస్ తెలుగు

కాగితం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో అడగండి, ఇవ్వకపోతే అదే మీ జవాబు.

లెక్క నేను వేస్తాను. ఒక క్రెడిట్ అంటే ఒక టన్ను బొగ్గుపులుసు వాయువు. ఒక టన్ను కర్బనం 3.67 టన్నుల ఆ వాయువుకు సమానం. మీ ఎర్ర నేలలో దున్నడం మానేస్తే హెక్టారుకు ఏటా 0.2 టన్నుల కర్బనం చేరుతుందనుకుందాం. హయత్‌నగర్ అనుభవం చూస్తే ఇది ఆశపడి వేసిన అంకె. అంటే హెక్టారుకు 0.73 క్రెడిట్లు. మీ ఆరెకరాలు దాదాపు 2.4 హెక్టార్లు. ఏడాదికి ఒకటిముప్పావు క్రెడిట్లు. అందులో కంపెనీ వాటా, తనిఖీ ఖర్చు, ఆపద నిల్వ (చేరిన కర్బనం మళ్లీ పోతే సర్దుకోవడానికి పక్కన పెట్టేది) కింద కొంత తీసేస్తారు. మిగిలింది ఎంతకు అమ్ముడుపోయినా, ఒక ఏడు పత్తి ఎకరానికి ఒక్క క్వింటాలు తగ్గితే చెల్లుకు చెల్లు దాటి మీకే నష్టం మిగులుతుంది.

ప్రపంచవ్యాప్తంగా 610 పరిశోధనలను కలిపి 2015లో పిట్టెల్కో బృందం లెక్క చూస్తే, దున్నని సేద్యంలో దిగుబడి సగటున 5.7 శాతం తగ్గింది. వానాధారపు పొడి ప్రాంతాల్లో పంట మార్పిడి, నేల మీద మోళ్లు రెండూ కలిసినప్పుడు మాత్రం దిగుబడి నిలిచింది, కొన్నిసార్లు పెరిగింది. ఒక్క దుక్కి మానేసి మిగతా రెండూ చేయకపోతే అన్నిటికన్నా చెడు ఫలితం. మీ కంపెనీ కాగితంలో దుక్కి ఒక్కటే ఉందని నా అనుమానం.

నల్లరేగడి

మా మండలంలోనూ తిరుగుతున్నారు. కేంద్ర వ్యవసాయ శాఖ 2024 జనవరిలో వ్యవసాయంలో స్వచ్ఛంద కార్బన్ మార్కెట్‌కు ఒక విధివిధానం విడుదల చేసింది, అప్పటి నుంచి ఈ సందడి పెరిగింది. పథకం ఉండటం తప్పు కాదు. పదేళ్ల సంతకం మీద రెండు పుటలు చదవడానికి బద్ధకిస్తే అది మన తప్పు.

డీజిల్ సంగతి కూడా చూసుకో. లీటరు డీజిల్ కాలితే 2.7 కిలోల వాయువు వస్తుంది. ఆరెకరాల వేసవి దుక్కికి ముప్పై, నలభై లీటర్లు వేసుకున్నా వంద కిలోల చుట్టే. వాతావరణానికి అది చిన్న లెక్క, నీ జేబుకు కాదు. రోటవేటరు రెండోసారి తోలడం మానెయ్. దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

మృత్తిక

పంట వ్యర్థాల లెక్క కూడా వేసి పెడతాను, పోల్చుకోండి. ఎకరానికి ఒక టన్ను పత్తి కట్టె వస్తుందనుకుంటే అందులో 450 కిలోల చుట్టూ కర్బనం. కాలిస్తే దాదాపు అంతా ఆ సాయంత్రమే గాల్లోకి పోతుంది. నేలలో కలిపితే ఎక్కువ భాగం ఒకటి రెండేళ్లలో కుళ్లిపోయినా, పది పదిహేను శాతం నిలుస్తుంది. ఎకరానికి 45 నుంచి 65 కిలోలు. కొలంబస్ గారు దుక్కి మానినందుకు ఆశపడి వేసిన అంకె ఎకరానికి 80 కిలోలు. కట్టె కలపడం వల్ల దిగుబడికి ముప్పు లేదు, పదేళ్ల బంధమూ లేదు.

ఒక షరతు ఉంది. నిలిచే కర్బనానికి తోడు నత్రజని కావాలి, ప్రతి 12 పాళ్లకు ఒక పాలు చొప్పున. 0.38ని 0.5కు తేవాలంటే ఎకరానికి 1.1 టన్నుల కర్బనం, దాంతోపాటు 90 కిలోల నత్రజని నేలలో కట్టుబడాలి. యూరియా లెక్కన నాలుగు బస్తాలకు పైనే. అది కొని వేయమనడం లేదు. కంది, జనుము, అలసంద, గ్లిరిసిడియా ఉచితంగా తెచ్చేది అదే. ఏళ్లు పడుతుంది. ఐదేళ్లలో కార్డు మీద ‘తక్కువ’ పోయి ‘మధ్యస్థం’ వస్తే మీరు అదృష్టవంతులు.

మెతుకు

కార్డు అన్నారు కాబట్టి, పరీక్ష ఎప్పుడు చేయించాలి? పోయినసారి ఒకే చేలో రెండు ల్యాబుల్లో రెండు అంకెలు వచ్చాయి.

మృత్తిక

ఏటా ఒకే నెలలో, పంట తీశాక, ఎరువు వేయకముందు, ఒకే లోతులో. చేనంతా తిరిగి పది పదిహేను చోట్ల తీసి కలపండి. పెంట కుప్ప వేసిన చోటు, గట్టు అంచు, చెట్టు నీడ వదిలేయండి. ల్యాబుల్లో ఎక్కువగా వాడే వాక్లీ, బ్లాక్ పద్ధతి 1934 నాటిది, ఉన్న కర్బనంలో నాలుగింట మూడొంతులకు కాస్త పైగా మాత్రమే పట్టుకుంటుంది, మిగతాది ఒక గుణకంతో కూడతారు. అందువల్ల 0.38కీ 0.42కీ తేడా చూసి పండగ చేసుకోవద్దు. ఒకే ల్యాబుకు పంపుతూ మూడు నాలుగేళ్ల వరుస చూడండి.

చల్కచేను

అందరికీ దండాలు. సంతకం పెట్టడం లేదు, ఆ మాట కంపెనీ మనిషికి కూడా చెప్పేశాను. ఈసారి చేసేది ఇది: లోతు దుక్కి ఆరెకరాలకూ కాకుండా, గరిక పట్టిన రెండెకరాలకే, అదీ వాలుకు అడ్డంగా. మిగతా నాలుగెకరాల్లో ముందస్తు వాన పడ్డాక కల్టివేటరు ఒక్క సాలు. రోటవేటరు బంద్. గట్ల మీద గ్లిరిసిడియా.

పత్తి కట్టె దగ్గరే ఆగిపోయాను. చేలో వదిలేస్తే గులాబీ రంగు పురుగు మిగిలిన కాయల్లో దాక్కుంటుందని, పీకి కాల్చేయమని మా దగ్గర చెబుతారు. కాల్చకుండా ఎలా?

నల్లరేగడి

ముక్కలు చేయించు. మా రైతు సంఘం దగ్గర ట్రాక్టరుకు తగిలించే ష్రెడ్డరు ఉంది, గంట లెక్కన అద్దెకు ఇస్తారు, మీ వైపు కూడా యంత్రాల అద్దె కేంద్రంలో అడుగు. కట్టెతో పాటు పుచ్చు కాయలు కూడా నలిగిపోతాయి కాబట్టి పురుగుకు చోటు ఉండదు. చివరి తీత అయిపోగానే, కట్టె ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే చేయించాలి. ఎండాక అయితే బ్లేళ్లు అరుగుతాయి, డీజిల్ తాగుతుంది, వాడు గంట రేటు పెంచుతాడు. ముందు గొర్రెలను ఒక రాత్రి తోలి కాయలు మేపించు, పని ఇంకా తేలిక.

హయత్‌నగర్ పాతకాపు

ముక్కలు చేశాక ఆ రెండెకరాల్లోనే దుక్కిలో కలిపెయ్, మిగతా చోట పైనే ఉంచు. జూన్‌లో రెండు చోట్లా మొలక చూసి ఇక్కడ రాయి.